లుధియానా వెళ్ళి స్వెటర్లు తెచ్చి మన దగ్గర అమ్ముకోవాలంటే

కార్తీక మాసం వచ్చేసరికి మన విజయనగరంలో రోడ్డు వారన గుడారాలు లేస్తాయి కదా, తాడు కట్టి స్వెటర్లు వేలాడదీసి, కింద బల్ల మీద మంకీ క్యాపులు గుట్టపోసి. మనమంతా "నేపాలీ వాళ్ళు దిగిపోయార్రా, చలి మొదలైపోయింది" అనుకుంటాం. నిజానికి వాళ్ళలో బోల్డుమంది టిబెటన్లు, ఆ స్వెటర్లేమో నేపాల్లోనూ కాదు టిబెట్‌లోనూ కాదు, పంజాబ్‌లో లుధియానాలో తయారవుతాయి. ఈ సంగతి నాకు అలా గుడారంలో కూర్చున్న ఒక పెద్దావిడే చెప్పింది. మాటవరసకి "ఎక్కడ కొంటావమ్మా ఇవన్నీ" అని హిందీలో అడిగితే "లుధియానాలో, లాలా దగ్గర, డబ్బులు సీజన్ అయ్యాక ఇస్తాం" అంది. లాలా అంటే అక్కడి షావుకారు. అంత సరుకు నోటిమాట మీద ఇచ్చేస్తున్నారంటే అదేం ఊరో చూడాల్సిందే అనిపించింది, ఆ మరుసటేడు రైలెక్కేశాను.

అప్పట్నుంచి ఏటా వెళ్తున్నాను. పెద్ద వ్యాపారమేం కాదు, మామూలుగా మాది బట్టల కొట్టు, చలికాలం నాలుగు నెలలు మాత్రం స్వెటర్లు, శాలువాలు పెడతాను, కొన్ని మూటలు కట్టుకుని సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సంతలకి కూడా తీసుకెళ్తాను. మొన్న మా బావమరిది స్నేహితుడు, బొబ్బిలి కుర్రాడు, ఫోన్ చేసి "అన్నయ్యా నానూ ఎల్దామనుకుంటన్నాను, ఏటేటి సూసుకోవాల" అన్నాడు. వాడికి గంటసేపు చెప్పాను, ఫోన్ పెట్టేశాక ఇంకా సగం చెప్పలేదనిపించింది, అందుకే రాసేస్తున్నా. రేట్లు ఏడాదికోలా ఉంటాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను.

ఎప్పుడు బయల్దేరాలి

సిరిమానోత్సవం అయిపోయాక. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను కదా, అక్కణ్ణుంచి దీపావళికి సుమారు రెండు వారాలుంటుంది, మనలాంటి చిన్నవాళ్ళకి అదే అదను. పెద్ద షోరూములోళ్ళు ఎండాకాలంలోనే శాంపిళ్ళు చూసి ఆర్డర్లు ఇచ్చేస్తారు, ఆ సరుకంతా యూనిట్ల నుంచి బయటికి వచ్చి అంగళ్ళ నిండా ఉండేది ఈ రోజుల్లోనే. దీపావళికి మాత్రం అక్కడ ఉండకండి. మనం దసరాకి ఆయుధ పూజ చేసినట్టు వాళ్ళు దీపావళి మర్నాడు విశ్వకర్మ పూజ చేస్తారు, మిషన్లకి దండలేసి యూనిట్లన్నీ మూసేస్తారు. దీపావళి అయిన ఆరు రోజులకి ఛఠ్ పండగ, లుధియానాలో కూలి పనివాళ్ళలో చాలామంది బీహార్, యూపీ వాళ్ళు కాబట్టి వాళ్ళంతా ఊళ్ళకి పోతారు, మీరు చెప్పిన సరుకు "కల్ హో జాయేగా జీ" అంటూ వారం సాగుతుంది. నేను రెండో ఏడు ఇలాగే ఇరుక్కుని, లాడ్జిలో కూర్చుని పక్క రూమువాడితో పేకాట ఆడుకున్నాను.

ఇంకో అదను జనవరి ఆఖర్లో ఉంది, సీజన్ పోయాక మిగిలిన లాట్లు చవగ్గా తోసేస్తారు. కాకపోతే ఆ డబ్బు పది నెలలు గోడౌన్లో నిద్రపోతుంది, అప్పు తెచ్చి అస్సలు చెయ్యొద్దు.

రైలు సంగతి మన అదృష్టం. విశాఖ నుంచి అమృత్‌సర్ వెళ్ళే హిరాకుడ్ ఎక్స్‌ప్రెస్ వారానికి మూడు రోజులుంది, అది విజయనగరంలో ఆగి రాయగడ, సంబల్‌పూర్ మీదుగా తిరిగి తిరిగి ఢిల్లీ దాటి లుధియానా మీదుగా పోతుంది, ఎక్కడా బండి మారక్కర్లేదు. శ్రీకాకుళం వాళ్ళు ఆమదాలవలస నుంచి విజయనగరం వచ్చి ఎక్కేయొచ్చు, పార్వతీపురం వైపు వాళ్ళు వాళ్ళ స్టేషన్లో ఆగే టైము చూసుకోండి. ఒకటే జాగ్రత్త, అది మన దగ్గరికి వచ్చేది అర్ధరాత్రి వేళ, విశాఖలో ఒక తారీఖు మన దగ్గర ఇంకో తారీఖు అయిపోతుంది, టికెట్ మీద తారీఖు రెండుసార్లు చూసుకోండి. దాదాపు రెండు రోజుల ప్రయాణం, పులిహోర మొదటి రోజుకే సరిపోతుంది, రెండో రోజుకి చపాతీలు, ఆవకాయ. డిసెంబర్, జనవరిలో అయితే ఢిల్లీ దాటాక పొగమంచుకి బండి ఎన్ని గంటలు ఆలస్యమో దేవుడికే ఎరుక.

దిగాక మొదటి రోజు ఏమీ కొనొద్దు

ఇది నా మాట వినండి. మొదటి రోజు జేబులో చెయ్యి పెట్టకుండా ఊరు తిరగండి. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఘంటా ఘర్ ఉంటుంది, 1906లో కట్టింది, మన గంటస్తంభం దగ్గర పెరిగినవాళ్ళకి అది చూడగానే చుట్టం ఇల్లు కనబడినట్టుంటుంది. అక్కణ్ణుంచి మొదలయ్యేది చౌడా బజార్. చౌడా అంటే వెడల్పు, ఇప్పుడు రిక్షా, స్కూటర్, తోపుడుబండి, ఆవు ఒకేసారి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి, ఆ పేరు పెట్టిన రోజుల్లో వెడల్పేనేమో.

ఊరి కథ తెలిస్తే బేరం తేలికవుతుంది, ఉత్తినే చెప్పట్లేదు. లుధియానా అన్న పేరు ఢిల్లీని ఏలిన లోడీల నుంచి వచ్చింది, 15వ శతాబ్దం ఆఖర్లో సికందర్ లోడీ కాలంలో సట్లెజ్ ఒడ్డున మీర్ హోతా అనే పల్లె ఉన్న చోట లోడీ సర్దార్లు ఠాణా పెట్టారు, అదే లోడీయానా అయి లుధియానా అయింది. వాళ్ళ కోట ముక్కలు ఇంకా ఉన్నాయి. 1809లో మహారాజా రంజిత్ సింగ్‌కీ ఇంగ్లీషు వాళ్ళకీ అమృత్‌సర్ సంధి జరిగి సట్లెజ్ నది సరిహద్దు అయింది, అవతల రంజిత్ సింగ్, ఇవతల కుంపిణీ, దాంతో లుధియానాలో దండు దిగింది. దండు దిగిన ఊరికి అంగళ్ళు వాటంతటవే వస్తాయి కదా. కాబూల్లో గద్దె పోగొట్టుకున్న షా షుజా, అదే కోహినూరు వజ్రాన్ని 1813లో రంజిత్ సింగ్‌కి ఇచ్చుకోవాల్సి వచ్చిన రాజు, లాహోర్ నుంచి తప్పించుకుని ఈ ఊరికే వచ్చి కుంపిణీ పెన్షన్ మీద ఇరవై ఏళ్ళకి పైగా గడిపాడు.

ఇక మనకి కావాల్సిన సంగతి. 1830ల్లో కాశ్మీర్లో పెద్ద కరువొచ్చి శాలువా నేతగాళ్ళు కొందరు కొండలు దిగి లుధియానాలో కాపురం పెట్టారు. ఉన్ని పని ఈ ఊళ్ళో అలా వేళ్ళూనింది, శాలువాల తర్వాత సాక్సులు, బనీన్లు, ఆ తర్వాత స్వెటర్లు, మిషన్లు వచ్చాయి. 1947లో దేశం రెండైనప్పుడు ముస్లిం పనివాళ్ళు చాలామంది అటు పోయారు, అట్నుంచి హిందువులూ సిక్కులూ కట్టుబట్టలతో వచ్చారు. ఇప్పుడు మీరు బేరమాడే లాలాల్లో చాలామంది తాతలు అలా వచ్చినవాళ్ళే. అందుకే అక్కడ మొదటిసారి వచ్చినవాణ్ణి చిన్నచూపు చూడరు, "మా బాబుగారు కూడా ఫుట్‌పాత్ మీద మొదలెట్టారు" అని కనీసం ఒక్కడైనా చెప్తాడు మీకు.

సైకిల్ కథ కూడా ఇదే. ఇప్పుడు పాకిస్తాన్లో ఉన్న కమాలియా నుంచి వచ్చిన ముంజాల్ అన్నదమ్ములు సైకిల్ విడిభాగాలతో మొదలుపెట్టి 1956లో హీరో సైకిల్స్ పెట్టారు, 1986కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్కులో ఎక్కారు. ఏవన్ కూడా ఆ ఊరిదే. మన ఊళ్ళో సైకిల్ షాపు వాళ్ళెవరైనా మీతో వస్తానంటే గిల్ రోడ్డు వైపు పంపించండి, పెడల్ దగ్గర్నుంచి బెల్లు దాకా అక్కడ దొరకనిది లేదు. కుట్టు మిషన్ పార్టులు కూడా ఆ ఊరి సరుకే.

చౌడా బజార్ చుట్టుపక్కలే నౌఘరా మొహల్లా ఉంది, భగత్ సింగ్, రాజ్‌గురుతో కలిసి ఉరికంబం ఎక్కిన సుఖ్‌దేవ్ పుట్టిన ఇల్లు అక్కడ. చిన్న సందు, అడిగితే చెప్తారు, ఓ పావుగంట వెళ్ళి నిలబడి రండి. కవి సాహిర్ పేరు చివర లుధియాన్వీ ఉన్నది కూడా ఈ ఊరి వల్లే, 1921లో కరీంపురాలో పుట్టాడు.

స్వెటర్ ఎలా పుడుతుందో చూశాకే కొనండి

పొందూరు ఖాదీ నేత చూసినవాళ్ళకి పడుగూ పేకా తెలుసు, నిలువు దారాల్లోంచి అడ్డదారం పోతుంది, అది నేత. స్వెటర్‌కి పడుగూ ఉండదు పేకా ఉండదు, ఒకే దారం సూదుల మీద ఉచ్చులు ఉచ్చులుగా పడుతూ పైకి పోతుంది, అది అల్లిక. అందుకే సాగుతుంది, అందుకే ఒక్క ఉచ్చు తెగితే నిచ్చెనలా జారిపోతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే సరుకు చూడ్డం సగం వచ్చేసినట్టే.

నన్ను ఒక లాలా మాధోపురి వైపు సందులో చిన్న యూనిట్‌కి తీసుకెళ్ళాడు. మన ఇంట్లో హాలు అంత గది, నాలుగు ఫ్లాట్ మిషన్లు, చేత్తో లాగేవి, ట్యూబులైటు చుట్టూ ఉన్ని పీచు మంచులా వేలాడుతోంది. ఒక ముసలాయన క్యారేజీని అటు తోసి ఇటు లాగుతున్నాడు, జర్రు జర్రుమని, ఒక్కో లాగుడికి ఒక్కో వరస. వీపు ముక్క పూర్తయ్యాక దాన్ని తీసి బల్బుకెదురుగా పట్టాడు, నాకేం కనబడలేదు, ఆయనకి కనబడింది, మధ్యలో ఒక సూది దారం పట్టలేదట. ఒక్క మాట అనకుండా పైన కొస పట్టుకుని లాగాడు, అరగంట పని నిమిషంలో దారమైపోయి మళ్ళీ కోన్ మీదకి చుట్టుకుపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది, ఆయన మాత్రం నవ్వి బీడీ లేని నోటితో ఏదో పాట అందుకుని మళ్ళీ మొదలెట్టాడు. పెద్ద ఫ్యాక్టరీల్లో అయితే జపాన్, జర్మనీ, చైనా కంప్యూటర్ మిషన్లు, డిజైన్ ఎక్కిస్తే అదే అల్లేస్తుంది, బహదుర్‌కే రోడ్డు వైపు అలాంటివి, రంగుల అద్దకం యూనిట్లూ ఉంటాయి. దారం తీసేది ఒకరు, రంగేసేది ఒకరు, అల్లేది ఒకరు, కాలర్ కలిపేది ఇంకో సందులో, ఇస్త్రీ ఇంకోచోట, ప్యాకింగ్ మళ్ళీ ఎక్కడో. మీరు బేరమాడుతూ కూర్చున్న లాలా షాపు గద్దె వెనక ఇన్ని చేతులున్నాయి. వర్ధమాన్, నాహర్ లాంటి పెద్ద మిల్లుల దారం, మాంటీ కార్లో, డ్యూక్ లాంటి బ్రాండ్లు, పేరూ లేబులూ లేని మన సరుకు, అన్నీ ఆ ఊరివే.

ఆ రంగుల వల్ల ఊరికి పట్టిన పాపం కూడా చూస్తారు, బుడ్ఢా నాలా అని ఊరి మధ్య నుంచి పోతుంది, అది ఒకప్పుడు సట్లెజ్ పారిన దారి, ఇప్పుడు నల్లగా నురగతో కంపు కొడుతూ పోయి మళ్ళీ సట్లెజ్‌లోనే కలుస్తుంది. దాని పక్క నుంచి పోయిన రోజు అన్నం సయించలేదు నాకు.

సరుకు చూడ్డం

షాపులో "ప్యూర్ వూల్ హై జీ" అంటారు. మనకి వచ్చే రేటులో ప్యూర్ వూల్ ఉండదు, అది అక్రిలిక్, అక్కడ కాష్మిలాన్ అంటారు. అది మోసమని కాదు, మన వాతావరణానికి అదే మేలు, ఉతకడం తేలిక, చిమ్మట తినదు. ఉన్ని రేటుకి అక్రిలిక్ అంటగడితేనే మోసం. అనుమానముంటే అడిగి లోపలి కుట్టు దగ్గర ఒక దారం పీకి అగ్గిపుల్లతో కాల్చండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపొచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా అయిపోతుంది. రెండూ కలిపిన దారమైతే కొంచెం అదీ కొంచెం ఇదీ.

తర్వాత గేజ్. అంగుళానికి ఎన్ని సూదులో అది గేజ్. 12 గేజ్ అంటే పల్చగా సన్నంగా ఉంటుంది, 5, 7 గేజ్ అంటే లావుగా బరువుగా. కొత్తవాళ్ళు అక్కడి చలి చూసి లావువే కొనేస్తారు, అవి మన టౌన్లో ఎవడూ వేసుకోడు. విజయనగరం, శ్రీకాకుళం టౌన్లకి 12 గేజ్ ఫుల్ హ్యాండ్స్, జిప్పువి, సగం చేతులవి. లావువి ఏజెన్సీ సంతలకి. ముసలాళ్ళు ఏజెన్సీలో స్వెటర్ కంటే శాలువానే అడుగుతారు, కప్పుకోవచ్చు, పరుచుకోవచ్చు, మనవణ్ణి చుట్టుకోవచ్చు. సీతంపేట సంతలో ఒకావిడ మంకీ క్యాపు తీసుకుని నెత్తిన పెట్టుకోలేదు, పిడికిలికి తొడిగి వేళ్ళు చాపి చూసింది, బొటనవేలు పక్క సందు కనబడగానే "బాబూ, గాలి దూరతాది" అని పక్కన పడేసింది. అంతకంటే మంచి పరీక్ష నాకు ఏ లాలా చెప్పలేదు, అప్పట్నుంచి నేనూ అలాగే చూస్తున్నాను.

తెల్ల చేతిరుమాలు తడిపి ఎరుపు, నేవీ బ్లూ, నలుపు రంగుల మీద రుద్దండి, రంగు దిగితే వద్దు. కాలర్, మణికట్టు దగ్గర పట్టీ లాగి వదలండి, వెనక్కి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక పీసు పట్టుకుని షాపు బయటికి ఎండలోకి రండి.

ఎందుకంటే నా మొదటి ఏడు నేను అలా బయటికి రాలేదు. ఒక షాపులో, పేరు అనవసరం, "మిక్స్ లాట్" అని డజన్ల లెక్కన కట్టిచ్చేశారు, ట్యూబులైటు కింద అంతా బాగానే కనబడింది. ఇంటికొచ్చి విప్పితే చేతులొక రంగు ఒళ్ళొక రంగు, ఒకే మెరూన్‌లో రెండు అద్దకాల దారం అన్నమాట. అది చాలదన్నట్టు ముప్పావు వంతు ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్. మన వాళ్ళ ఒళ్ళెంత, పంజాబీ వాళ్ళ ఒళ్ళెంత! మా ఆవిడ ఒకటి వేసుకుని చూసి "నైటీ తెచ్చారా" అంది. చివరికి సాలూరులో లారీల దగ్గరికి తీసుకెళ్ళి రాత్రి బండి నడిపే డ్రైవర్లకి అసలు ధరకి తక్కువకి ఇచ్చేశాను, వాళ్ళకి ఎంత వదులైతే అంత హాయి, రంగు తేడా చీకట్లో ఎవడికి కావాలి.

కాబట్టి సైజు రేషియో మీరు చెప్పండి, వాళ్ళని చెప్పనివ్వకండి. నేను పెద్దవాళ్ళవి డజన్లో ఐదు ఎమ్, నాలుగు ఎల్, రెండు ఎక్స్‌ఎల్, ఒక ఎస్ అడుగుతాను. కొంతమంది "సెట్ అలా విడదీయం" అంటారు, వదిలేసి పక్క షాపుకి పొండి, వంద ఉన్నాయి. మొదటిసారి పెట్టుబడిలో సగం పిల్లల సరుకు మీద పెట్టండి, టోపీ, సాక్సు, చిన్న స్వెటర్ సెట్లు. పెద్దవాళ్ళు చలికి ఓర్చుకుంటారు గానీ పసిపిల్ల విషయంలో అమ్మమ్మ ఓర్చుకోదు. బైకు వాళ్ళ గ్లౌజులూ బాగా పోతాయి. రగ్గులు, దుప్పట్లు మాత్రం అక్కడ కొనొద్దు, అవి కావాలంటే దారిలో అదే లైను మీద ఢిల్లీ దాటాక పానిపట్ ఉంది, ఆ ఊరి పనే అది.

బేరం, మాట, మర్యాద

హిందీ వస్తే చాలు. సర్దార్జీ కనబడగానే "సత్ శ్రీ అకాల్ జీ" అనండి, మగవాళ్ళని "పాజీ", పెద్దవాళ్ళని "లాలాజీ" లేదా "సర్దార్జీ", ఆడవాళ్ళని "భెణ్‌జీ". ప్రతివాడూ మిమ్మల్ని ఒకటే అడుగుతాడు.

"ఆంధ్రా? ఉధర్ ఠండ్ హోతీ హై క్యా?" అక్కడ చలి ఉంటుందా అని.

నేను ఫోన్‌లో లంబసింగి ఫోటో చూపిస్తాను, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉన్నది. ఒకసారి ఆ ఫోటో చూసి లాలా పక్క షాపు వాణ్ణి కూడా పిలిచి చూపించి, టీ తెప్పించి, అప్పుడు రేటు మాట్లాడాడు. పది రూపాయలు తగ్గింది ఆ ఫోటోకే అనుకుంటాను.

సగానికి సగం అడిగే బేరం అక్కడ నడవదు, గద్దె మీద పీసుకి ఐదూ పదీ అంతే, గట్టిగా అడిగితే "నహీ హోగా జీ" అని నవ్వుతూ ఖాతా పుస్తకంలోకి చూసుకుంటాడు. మన బలం రేటులో కాదు, మళ్ళీ రావడంలో ఉంది. మొదటి ఏడు మొత్తం డబ్బిచ్చి కొద్దిగా తీసుకోండి, రెండో ఏడు అదే షాపుకి వెళ్ళండి, మూడో ఏడు మీరు అడక్కుండానే "ఆధా అభీ, ఆధా జన్వరీ మే" అంటాడు, సగం ఇప్పుడు, సగం జనవరిలో అని. నాకు అలాగే జరిగింది. ఆ జనవరి మాట తప్పారో, ఆ సందులో అందరికీ తెలిసిపోతుంది, టిబెటన్ల మాట అక్కడ చెల్లుతున్నది ఏళ్ళ తరబడి తప్పకపోవడం వల్లే.

పొగాకు విషయం గట్టిగా చెప్తున్నా. సిక్కులకి పొగాకు నిషిద్ధం, షాపులో గానీ గురుద్వారా దగ్గర గానీ బీడీ, చుట్ట, ఖైనీ తీయకండి. ఒకసారి మా మావయ్యని తీసుకెళ్ళాను, ఆయన మన శ్రీకాకుళం అలవాటు, చుట్ట లేనిదే పొద్దు పోదు, గురుద్వారా గేటు దగ్గర జేబులో చెయ్యి పెట్టేసరికి నేను చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి లాక్కుపోయాను. గురుద్వారా లోపలికి తలకి గుడ్డ కట్టుకుని, కాళ్ళు కడుక్కుని వెళ్ళాలి, గుడ్డ లేకపోతే అక్కడే ఇస్తారు. స్టేషన్‌కి దగ్గర్లో దుఖ్ నివారణ్ సాహిబ్ ఉంది. లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనంలో, బంతిలో కింద కూర్చోవాలి, రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి, వడ్డించింది వదలకూడదు, పక్కన కోటీశ్వరుడున్నా రిక్షా ఆయనున్నా అదే బంతి. వీలుంటే తిన్నాక కాసేపు గిన్నెలు కడగండి, ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు.

తిండి దగ్గర మనకి కష్టం అన్నం. పంజాబ్‌లో వరి బోల్డంత పండుతుంది గానీ వాళ్ళు తినేది రొట్టే, గోధుమ దిగుబడి పెంచిన హరిత విప్లవంలో ముందు నడిచిన వ్యవసాయ యూనివర్సిటీ కూడా ఆ ఊళ్ళోనే ఉంది, 1962లో పెట్టారు. రాజ్మా చావల్, కఢీ చావల్ అడగండి, గండం గట్టెక్కుతుంది. కఢీ మన మజ్జిగ పులుసుకి అక్కగారు. లస్సీ గ్లాసు కాదు, చెంబు, ఒకటి తాగితే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. జనవరిలో వెళ్తే ఆవాకు కూర, మొక్కజొన్న రొట్టె, పైన వెన్న. 13వ తారీఖున లోహ్రీ, వీధి వీధినా మంట వేసి నువ్వులు, పేలాలు, వేరుశనగలు అందులో వేస్తారు, అచ్చం మన భోగి. మన భోగి పిడకల దండ ఫోటో చూపిస్తే వాళ్ళకీ భలే సరదా. ఫిబ్రవరి ప్రాంతంలో అటు వెళ్ళినవాళ్ళు దగ్గర్లోని కిలా రాయ్‌పూర్ ఆటలు చూడండి, 1933 నుంచి జరుగుతున్నాయి, పల్లెటూరి ఒలింపిక్స్ అంటారు, పళ్ళతో బరువులెత్తేవాళ్ళు కూడా ఉంటారు.

బిల్లు, రవాణా

"కచ్చా మే లే లో, సస్తా పడేగా" అంటారు, బిల్లు లేకుండా తీసుకో, చవగ్గా పడుతుంది అని. వద్దు. పక్కా బిల్లు తీసుకోండి, మీ జీఎస్టీ నంబరు వేయించుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు 2500 రూపాయల లోపు బట్టలకి 5 శాతం, పై రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ అని పడుతుంది. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ కాగితం, తప్పదు, దారిలో ఆపితే లారీ వాడు మిమ్మల్నే ఫోన్ చేసి తిడతాడు. జీఎస్టీలో చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్ళకి ఇన్‌పుట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను, వెనక్కి రాదు, కాబట్టి ఆ 5 శాతం ఖర్చులోనే కలుపుకుని అమ్మకం రేటు వేసుకోండి. లెక్క ఇలా, 240 పీసు అనుకుందాం, పన్ను 12, రవాణా, హమాలీ, మీ రైలు ఖర్చు అన్నీ పీసుకి ఓ 20 పడిందనుకోండి, 272. అమ్ముడుపోకుండా పదిలో ఒకటి మిగులుతుందనుకుని 350కి తక్కువ అమ్మకండి.

మూట కట్టేటప్పుడు దగ్గరుండండి. ప్రతి మూట మీద డిజైన్ నంబరు, పీసులు రాయించి ఫోటో తీసుకోండి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఇచ్చే బిల్టీ, అదే సరుకు రసీదు, భద్రం, అది లేకపోతే ఇక్కడ సరుకు వదలరు. నాకు పది పన్నెండు రోజుల్లో వస్తుంది. లోపల ప్లాస్టిక్ కవరు, పైన గోతం, రెండూ ఉండాలని పట్టుబట్టండి, వాళ్ళది పొడి ఊరు, వాళ్ళకి అర్థం కాదు, మనకి అక్టోబర్ అంటే తుపాను. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11, మనం మర్చిపోయే తారీఖులా అవి.

వెళ్ళేటప్పుడు ఉత్తి చేతుల్తో వెళ్ళకండి. నేను భీమాలి మామిడి తాండ్ర పట్టుకెళ్తాను, శ్రీకాకుళం వాళ్ళయితే పలాస జీడిపప్పు. మొదటిసారి తాండ్ర ఇచ్చినప్పుడు లాలా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తోలు శాంపిల్ అనుకుని వంచి చూశాడు. ఇప్పుడు సెప్టెంబర్ వచ్చేసరికి ఆయనే ఫోన్ చేస్తాడు, స్వెటర్ల మాట తర్వాత, "వో ఆమ్ వాలా చమ్‌డా లానా జీ" అని, ఆ మామిడి తోలు తెచ్చిపెట్టమని.